క్లచ్ మీంచి కాలు

ఆయన్ని అందరూ క్లచ్ మాస్టారు అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని ఆయనే పలకరు. డ్రైవింగ్ నేర్పడం ఆయన పని. ఆయన దగ్గర ఒక చిన్న బండి ఉంది. దాని నెత్తిన "నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి" అని బోర్డు. లోపల రెండు జతల పెడళ్ళు. ఒక జత నేర్చుకునేవాళ్ళ కాళ్ళ కింద, ఇంకో జత పక్క సీట్లో మాస్టారి కాళ్ళ కింద. నేర్చుకునేవాడు నడిరోడ్డు మీద గుండె జారిపోయి చేతులెత్తేస్తే, మాస్టారు తన బ్రేకు తొక్కి నలుగురి ప్రాణాలూ కాపాడతారు. అలా తొక్కీ తొక్కీ, ఇంట్లో సోఫాలో కూచుని టీవీ చూస్తున్నా సరే, ఆయన కుడికాలు నేలని నొక్కుతూనే ఉంటుంది.

ఇందులో ఒక అన్యాయం ఉంది. పొద్దున లేచింది మొదలు బండిలోనే ఉండే మనిషికి స్టీరింగు పట్టుకునే యోగం లేదు. బతుకంతా పక్క సీటే. భార్యని తీసుకుని ఎక్కడికైనా వెళ్ళినప్పుడే ఆయన నడిపేది. అప్పుడైనా సుఖం ఉందా అంటే, నెత్తిన బోర్డు ఒకటి. దాని బోల్టులు తుప్పు పట్టి ఊడిరావు. వెనకవాళ్ళు హారన్ మోగించుకుంటూ, పాపం అన్నట్టు ఒక చూపు చూసి దాటిపోతారు. మాస్టారి భార్యేమో పక్క సీట్లో ఆ పెడళ్ళకి తగలకుండా కాళ్ళు ముడుచుకుని, తెలిసినవాళ్ళు కనపడితే తల తిప్పుకుని కూచుంటుంది.

ఆయన పాఠంలో ముఖ్యమైనవి రెండే మాటలు. మొదటిది, "క్లచ్ మీంచి కాలు తియ్యకు!" కొత్తవాళ్ళు కంగారులో క్లచ్‌ని చటుక్కున వదిలేస్తారు, బండి కప్పలా గెంతి ఆగిపోతుంది. అందుకని మొదటి వారమంతా మాస్టారు ఆ ఒక్క ముక్కనే వీధి చివరిదాకా వినిపించేలా అరుస్తారు. ఆ పేరు వచ్చిందీ అందుకే. రెండో మాట చివరిరోజున. చెయ్యి తిరిగాక, ఖాళీ రోడ్డు మీదకి తీసుకెళ్ళి, గొంతు బాగా తగ్గించి, "ఇక కాలు తీసెయ్" అంటారు. బండి సాఫీగా పోతున్నప్పుడు కూడా కాలు క్లచ్ మీద ఆనించే ఉంచితే, లోపల పలకలు సరిగ్గా పట్టుకోవు, పూర్తిగా వదలవు, రాసుకుని రాసుకుని మాడిపోతాయి. ఈ రెండో మాట మెల్లగా అంటారు కాబట్టి దానివల్ల ఆయనకి ఏ పేరూ రాలేదు. భార్యకి మాత్రం రెండూ నోటికి వచ్చు. నిద్రలో కూడా ఆయన కలవరించేది అవే మరి.

మాస్టారికి ఒక తోడల్లుడు ఉన్నాడు, భార్య చెల్లెలి మొగుడు. బాత్రూం టైల్సు అమ్ముతాడు. ఊళ్ళో ఎవరింట్లో కాలు జారినా అది ఆయనగారి టైలు మీదే. కొట్టు పెట్టిన నాటి నుంచి వెనక్కి చూసుకున్నది లేదు. సంపాదించాడు సరే, కాస్త పొగరైనా ఉండొచ్చు కదా? అదీ లేదు. ఎప్పుడు చూడు ముప్ఫై రెండు పళ్ళూ బయటే. "అన్నయ్యా" అంటూ మీద పడిపోతాడు. పొగరుబోతయితే మనసారా తిట్టుకునేవారు మాస్టారు. ఆ వీలు కూడా లేకుండా చేశాడు, ఎంత దుర్మార్గుడో చూడండి.

అలాంటివాడు ఒక ఆదివారం పొద్దున పెళ్ళాన్ని పక్కన కూచోబెట్టుకుని, ఎర్రటి స్పోర్ట్స్ కారు వేసుకుని వీధిలోకి వచ్చాడు. రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకి ఆనుకుని పాకుతున్నట్టుండే బండి. ఇంజను మనిషి వీపు వెనక ఉంటుంది, డిక్కీ ముందుంటుంది. సరిగ్గా ఆ బండి బొమ్మనే మాస్టారు కుర్రతనంలో పత్రికలోంచి కత్తిరించి బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకున్నారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది, చొక్కాల వెనక. అప్పుడు ఆయన బకెట్టు పక్కన పెట్టుకుని తన బండి అద్దాలు తుడుస్తున్నారు. చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది, నీళ్ళు మోచేతి దాకా కారాయి. ఆయనకి కలిగింది ఆశ్చర్యం కాదు. నిలువునా కడుపుమంట.

ఆయన భార్య వంటింట్లోంచి తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. "అబ్బ, ఎంత బాగుంది మరిదిగారూ!"

ఆ "అబ్బ" మాస్టారికి సూదిలా గుచ్చుకుంది. పెళ్ళయినప్పటి నుంచి ఈవిడ నోట ఒక్కసారైనా ఆ మాట వచ్చిందా? తన విషయంలో వచ్చిన మాటలన్నీ "అయ్యో", "ఛ", "మళ్ళీనా".

"కొత్తది కాదొదినా, మూడు చేతులు మారింది," అన్నాడు తోడల్లుడు మురిసిపోతూ. "కొత్తదాని ధరలో నాలుగో వంతుకే వచ్చింది. అన్నయ్యా, మీరు చూసి ఒక మాట చెప్పండి. బయానా ఇంకా ఇవ్వలేదు."

మాస్టారు చూశారు. శత్రువు ఇల్లు సోదా చేసినట్టు చూశారు. టైర్లు లోపలి అంచు అరిగి ఉన్నాయి, అంటే కింద సస్పెన్షన్ బుష్‌లు పోయాయి. తలుపు రబ్బరు కింద తుప్పు. ఆయిల్ మూత తిప్పితే లోపల మీగడలాంటి మడ్డి, అంటే నీళ్ళు ఎక్కడో ఆయిల్లో కలుస్తున్నాయి. చెప్పాలంటే ఆయన కళ్ళు అంత పదునుగా పనిచెయ్యడం చాలా రోజుల తర్వాత అదే మొదటిసారి.

"వద్దు," అన్నారు. "కొనే ధర తగ్గిందే గానీ రిపేరు ధర తగ్గదు తమ్ముడూ. నీది పాతబండి అని విడిభాగాలకి తెలియదు. కొత్తబండి రేటే పడుతుంది. ఇంజను సీటు వెనక ఇరుక్కుని ఉంది. దాని దగ్గరికి వెళ్ళడానికే సగం ఖర్చు."

అన్నీ నిజాలే. ఒక్క ముక్క కల్పించలేదు. కానీ చెప్పిన తీరులో ఏదో ఉంది. మరదలు మొహం చిన్నబుచ్చుకుంది. మాస్టారి భార్య చెంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఆయన మాటలకేం గానీ తీసుకోండి మరిదిగారూ. కుళ్ళు, అంతే," అని నవ్వేసింది. అందరూ నవ్వారు. తోడల్లుడు కూడా, "మా అన్నయ్యకి కుళ్ళేంటి వదినా, బంగారం," అని వెనకేసుకొచ్చాడు. అది ఇంకా ఒళ్ళు మండించింది.

బండి కొన్నాడు. కొన్నరోజే మాస్టారిని ఎక్కించుకుని ఊరంతా తిప్పాడు. సీటు ఎంత కిందికుందంటే, కూచోవడమంటే పడిపోవడమే. ప్రతి మలుపులోనూ మాస్టారి కుడికాలు తనంతట తను నేలని తొక్కుతోంది. "అన్నయ్యా, అక్కడ బ్రేకు లేదు!" అని పడీపడీ నవ్వాడు తోడల్లుడు. ఇక్కడ కూడా పక్క సీటే అనుకుని మాస్టారు తల దించుకున్నారు. అప్పుడు కనిపించింది తోడల్లుడి ఎడమకాలు. బండి నున్నటి రోడ్డు మీద హాయిగా పోతోంది, గేరు మార్చే పనేమీ లేదు, అయినా ఆ కాలు బుద్ధిగా క్లచ్ మీద ఆనించి ఉంది.

మాస్టారికి వెంటనే గుర్తొచ్చింది. తోడల్లుడికి డ్రైవింగ్ నేర్పింది తనే. కొత్తగా పెళ్ళయి కొట్టు తెరిచే హడావుడిలో ఉన్నాడప్పుడు. మనింటివాడు కదా అని ఊరికే నేర్పారు. ఊరికే కాబట్టే మొదటి వారం అయ్యాక, "ఇక నీకు వచ్చేసింది తమ్ముడూ, వెళ్ళిరా," అని పంపేశారు. రుసుము కట్టినవాళ్ళు బయట నిలబడి ఉన్నారు మరి. చివరిరోజు అతనికి రానే లేదు. మొదటి మాట విన్నాడు, రెండో మాట వినలేదు.

ఆ క్షణంలో చెప్పేస్తే అయిపోయేది. నోరు తెరిచారు కూడా. సరిగ్గా అప్పుడే రోడ్డు పక్కన నిలబడ్డ ఇద్దరు బండి వంక చూసి చెయ్యి ఊపారు, తోడల్లుడు హారన్ కొట్టాడు. మాస్టారు నోరు మూసుకున్నారు.

ఇక ఎర్రబండి తన గుణం చూపించడం మొదలుపెట్టింది. మొదట వేడెక్కి పొగలు కక్కింది. పోయింది నీళ్ళ పంపు. పిడికెడంత వస్తువు. అది మార్చాలంటే ఇంజను మొత్తం కిందికి దించాలన్నాడు మెకానిక్. ఈ మెకానిక్‌ని అందరూ "రేపు" అంటారు, ఎప్పుడడిగినా ఆయన చెప్పే జవాబు అదే కాబట్టి. తర్వాత అద్దం దిగి మళ్ళీ ఎక్కలేదు. అదే రోజు వాన కురిసింది. నాలుగు రోజులు తీయకపోతే బ్యాటరీ చచ్చిపోయేది. స్పీడ్ బ్రేకర్ దగ్గర పొట్ట గీరుకుని, ఒకసారి అడుగున పైపే ఊడింది. ఏ పార్టూ ఊళ్ళో దొరకదు. తెప్పించాలి, వచ్చేదాకా బండి షెడ్లో మూలుగుతూ ఉండాలి.

ప్రతి రిపేరుకీ మాస్టారు తోడు వెళ్ళేవారు. "పాపం, ఒక్కడే ఎలా తంటాలు పడతాడు," అని ఇంట్లో చెప్పి వెళ్ళేవారు. వెళ్ళి, రేపు మెకానిక్ ఖర్చు చెబుతుంటే పక్కన నిలబడి, మొహం బాధగా పెట్టుకుని, లోలోపల చంకలు గుద్దుకునేవారు. ఇంటికొచ్చి భార్యకి పూసగుచ్చినట్టు చెప్పేవారు. ఏ పార్టు ఎందుకు పోయింది, ఇంకెన్ని పోబోతున్నాయి. ఆవిడ అంతా విని, "అయినా అందులోంచి దిగేటప్పుడు మా చెల్లి మొహం చూడాలండీ, ఎంత కళగా ఉంటుందో," అనేది. ఆనందం కాస్తా ఆవిరైపోయేది.

మొదటి క్లచ్ పోయినప్పుడు పాతది కదా అని సరిపెట్టుకున్నారు. కొత్తది వేయించారు. ఆ ఒక్క క్లచ్‌కి అయిన ఖర్చుతో మాస్టారి బండిలాంటిది ఇంకోటి వస్తుంది. ఏడాది తిరక్కుండానే అదీ పోయింది. ఈసారి రేపు మెకానిక్ విప్పిన పలకని తెచ్చి మాస్టారికి చూపించాడు. తోడల్లుడు అప్పుడు బయట ఫోన్లో ఎవరికో టైల్సు అమ్ముతున్నాడు.

"ఇది అరగడం కాదు మాస్టారూ, మాడటం. వాసన చూడండి. ఆయన కాలు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంటోంది. నేను చెబితే ఓనర్లు ఉడుక్కుంటారు, నాకే డ్రైవింగ్ నేర్పుతావా అంటారు. మీరు పెద్దవాళ్ళు, మెల్లగా చెప్పండి. లేకపోతే ఎన్ని వేసినా ఇంతే."

"చెప్తాలే," అన్నారు మాస్టారు.

తోడల్లుడు లోపలికొచ్చాడు. మొదటిసారిగా అతని మొహాన నవ్వు లేదు. "అన్నయ్యా, ఇంక నావల్ల కాదు. ఇదే ఆఖరు. ఇంకోసారి క్లచ్ పోయిందంటే వచ్చినకాడికి అమ్మేస్తాను. మీ మరదలు ఏడుస్తుంది, అయినా సరే. దానికి ఈ బండంటే ప్రాణం."

మాస్టారి నాలుక చివరన ఉంది మాట. ఒక్క మాట. ఖర్చు లేదు, శ్రమ లేదు. దాన్ని అక్కడే ఉంచి నమిలి మింగేశారు. ఇంకోసారి పోతే అమ్మేస్తాడు. వీధిలోకి ఆ ఎర్రబండి మళ్ళీ రాదు. ఆ "అబ్బ" మళ్ళీ వినబడదు. "కానీలే తమ్ముడూ, దిగులు పడకు," అని భుజం తట్టారు. ఆ రోజు నుంచి ఆయన ఆ బండి వెనక వెళ్ళినప్పుడల్లా ముక్కు ఎగబీల్చడం మొదలుపెట్టారు, మాడు వాసన కోసం.

ఆ వాసన రానే వచ్చింది. ఒక ఆదివారం అత్తగారిని చూడ్డానికి రెండు జంటలూ బయల్దేరాయి. ఎర్రబండి ముందు వెళ్ళింది. వంతెన ఎక్కే చోట, ఎత్తు మధ్యలో, అది రోడ్డు పక్కన ఆగి ఉంది. ఇంజను గోలపెడుతోంది, చక్రం కదలడం లేదు. వెనకనుంచి పల్చగా పొగ. మరదలు చేతిలో పళ్ళ సంచితో గట్టున నిలబడి ఉంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

మాస్టారు బండి ఆపారు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన ఘడియ. లోపల పండగలా ఉండాలి కదా? ఉంది. కానీ మరదలి మొహం వైపు మాత్రం చూడలేకపోయారు.

"అయిపోయిందన్నయ్యా," అన్నాడు తోడల్లుడు. "మెకానిక్‌కి ఫోన్ చేశాను, బండి పంపుతున్నాడు, ఈసారి రేపు అనలేదు. ఇక అమ్మడమే. మీరు మొదటిరోజే వద్దన్నారు, మేం వినలేదు. ఆ ఒక్కసారే మీ మాట కాదన్నది, అనుభవిస్తున్నాను. డ్రైవింగులో మాత్రం మీ మాట ఇప్పటికీ జవదాటలేదు. క్లచ్ మీంచి కాలు తియ్యొద్దన్నారు. ఎంత దూరం వెళ్ళనీ, కాలు నొప్పెట్టనీ, ఏనాడూ తియ్యలేదు."

గర్వంగానే అన్నాడు. మాస్టారి భార్య అయోమయంగా చూసింది.

"అదేంటి మరిదిగారూ? చివరిరోజు తీసెయ్యమంటారుగా ఈయన. అందరికీ చెప్తారు."

"చివరిరోజా? నాకు అలాంటిదేం లేదే వదినా. అన్నయ్యకి పాపం చాలామంది ఉన్నారప్పుడు. వారానికే వచ్చేసిందన్నారు."

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. పొగ వస్తున్న ఎర్రబండిని చూసింది, చెల్లెలి మొహం చూసింది, మళ్ళీ మొగుణ్ణి చూసింది. రిపేరుకి తోడు వెళ్ళొచ్చి ఈయన పూసగుచ్చినట్టు చెప్పిన కబుర్లన్నీ ఆవిడకి అప్పుడే గుర్తొస్తున్నాయని మాస్టారికి అర్థమైంది. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. కుళ్ళు అని నవ్వుతూ అన్నప్పుడు ఆవిడకి అది ఉత్త మాట. ఇప్పుడు నవ్వడం లేదు.

రేపు మెకానిక్ పంపిన బండి వచ్చి ఎర్రదాన్ని తాడు కట్టి లాక్కుపోయింది. మాస్టారు తన బండి తాళం తీసి తోడల్లుడి చేతిలో పెట్టారు.

"నువ్వు నడుపు."

"నేనా? మీరుండగానా?"

"ఎక్కు."

అక్కచెల్లెళ్ళు వెనక సీట్లో సర్దుకున్నారు, మాస్టారి భార్య తోడల్లుడి వెనక. మాస్టారు ఎప్పటిలాగే పక్క సీట్లో తన పెడళ్ళ ముందు కూచున్నారు. నెత్తిమీది బోర్డు ఆరోజుకి నిజం చెబుతోంది. వంతెన దాటాక రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉంది. బండి వేగం అందుకున్నాక మాస్టారు గొంతు తగ్గించారు.

"ఇక కాలు తీసెయ్."

"దేని మీంచన్నయ్యా?"

"క్లచ్ మీంచి."

తోడల్లుడు అనుమానంగా కాలు లేపాడు. అది కాసేపు గాలిలోనే ఉండిపోయింది. "ఎక్కడ పెట్టుకోను?"

"పక్కన నేలమీద. గేరు మార్చేటప్పుడే మళ్ళీ దాని దగ్గరికి వెళ్ళాలి."

బండి అలాగే సాగుతోంది. ఏ ప్రళయమూ రాలేదు. తోడల్లుడు కొంతదూరం నోరు తెరుచుకుని నడిపాడు. "ఇంతేనా? క్లచ్‌లు మాడింది దీనికేనా?"

"దీనికే."

"అంటే ఇంకొక్కటి వేయించుకుంటే ఇక పోదా? అయితే బండి అమ్మక్కర్లేదన్నమాట!"

వెనక నుంచి మరదలు, "నిజమా బావా?" అంది. ఏడుపు గొంతు కాస్తా ఒక్కసారిగా వెలిగింది. మాస్టారి కడుపులో మళ్ళీ భగ్గుమంది. ఎన్ని నెలలు ఓపిక పట్టారు, అంతా తన నోటితోనే పాడుచేసుకోవాలి. నేర్పేవాళ్ళ కోసం పెట్టిన చిన్న అద్దం ఒకటి ఉంటుంది ఆయన ముందు. అందులో భార్య కళ్ళు కనిపిస్తున్నాయి. ఆ కళ్ళు జవాబు కోసమే చూస్తున్నాయి.

"అక్కర్లేదు," అన్నారు. ఆ మాట పళ్ళ మధ్యనుంచి లాగినట్టు వచ్చింది. అయినా అద్దంలో కళ్ళు పక్కకి తిరగలేదు. "ఇది నీకు అప్పుడే చెప్పాల్సింది, తమ్ముడూ. పోయినసారి మెకానిక్ కూడా చెప్పమన్నాడు. కావాలనే చెప్పలేదు. నీ బండిని చూస్తే నాకు కుళ్ళు."

తోడల్లుడు స్టీరింగు మీద గుద్ది మరీ నవ్వాడు. "మీకా అన్నయ్యా! కుళ్ళా! విన్నావుటే, అన్నయ్య మనల్ని నవ్వించడానికి ఏం మాటలు చెబుతున్నారో!" మరదలు కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "బావ మొహం మామూలుగా పెట్టి భలే అంటారు."

మొదటిరోజు ఉన్న నిజం చెబితే కుళ్ళన్నారు. ఇప్పుడు కుళ్ళని చెబితే నవ్వుతున్నారు. మాస్టారు ఏం చెయ్యాలో తోచక రోడ్డు వంక చూస్తూ కూచున్నారు. వెనక సీట్లో నవ్వనిది ఒక్క ఆయన భార్యే.

కొంతదూరం పోయాక తోడల్లుడు మొహం చిట్లించాడు. "అన్నయ్యా, ఏంటో బండి లాగడం లేదు. ఎంత తొక్కినా బరువుగా పోతోంది. కాలు తీసే ఉంచానే. కొంపదీసి దీని క్లచ్ కూడా పోతోందా?"

మాస్టారు చెవి ఒగ్గి విన్నారు. నిజమే, ఇంజను ఈడుస్తోంది. ఎక్కడుందో లోపం వెంటనే అంతుపట్టలేదు ఆయనకి.

భార్య ముందుకి వంగింది. రెండు సీట్ల మధ్యనుంచి ఆయన మోకాళ్ళ వైపు చూసింది. తర్వాత, చివరిరోజున ఆయన అనే తీరులోనే, గొంతు బాగా తగ్గించి అంది.

"ఏమండీ, మీరు కూడా కాలు తీసెయ్యండి."

మాస్టారు కిందికి చూసుకున్నారు. ఆయన కుడికాలు బ్రేకుని సగందాకా తొక్కి ఉంది. తీశారు.